వెన్నుపాము గాయం: దీర్ఘకాలిక ముప్పుల చరిత్ర

క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో మెడపూస తొలగిన రోగి ప్రస్తావన ఉంది. కాళ్లూ చేతుల్లో స్పర్శ పోవడాన్నీ, తెలియకుండానే మూత్రం కారడాన్నీ గుర్తించిన ఆ ఈజిప్టు వైద్యగ్రంథం దానిని చికిత్స లేని వ్యాధిగా నిర్ణయించింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికీ ఈ దృష్టి పెద్దగా మారలేదు. వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో అత్యధికులు వారాల్లోనో నెలల్లోనో మరణించారు. అయితే వారిలో చాలామందిని బలిగొన్నవి ఆ తరువాత వచ్చిన పడకపుండ్లు, మూత్రనాళాల ఇన్ఫెక్షన్లు.

ఈ తేడాను వైద్యాచరణగా మలచినవారిలో ముఖ్యుడు లూడ్విగ్ గుట్మన్. 1917లో జర్మనీలోని ఒక ఆస్పత్రిలో సహాయకుడిగా ఉన్నప్పుడు, వెన్ను విరిగిన యువ గనికార్మికుడు కొద్ది వారాలకే మరణించడం అతడు చూశాడు. యూదుడైనందున 1939లో ఇంగ్లండుకు శరణార్థిగా చేరాడు. 1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో ప్రారంభమైన వెన్నుగాయాల విభాగం బాధ్యత అతనికి దక్కింది. అక్కడి తొలి నియమం సాదాసీదాది: రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి. తెలుగులో వాడుకలో ఉన్న ‘పడకపుండు’ అనే మాట నెపాన్ని పడక మీదికి నెడుతుంది. అసలు కారణం ఒత్తిడి. స్పర్శ లేని చర్మానికి అది తెలియదు. తడి తోడైతే పుండు మరింత త్వరగా పడుతుంది.

గాయం ఏ పూస వద్ద తగిలింది, వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నదా అన్నవి ప్రమాద క్షణంలోనే చాలావరకు నిర్ణయమైపోతాయి. ఎన్ని గంటలు కదలకుండా ఉంచారు, మూత్రపు గొట్టాన్ని ఎన్నాళ్లు వదిలేశారు అన్నవి ఆ తరువాత మనుషులు చేసేవి. రెండోవాటిని మొదటివాటి ఖాతాలో వేయడమే పాత వైద్యం పొరపాటు. అయినా ఈ రెండూ పూర్తిగా వేరు కావు. ఛాతీ భాగపు ఆరో పూసకు పైన గాయమైనవారిలో మూత్రాశయం నిండితే రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. నిండిన మూత్రాశయం శరీరంపై చూపే ఈ ప్రభావాన్ని గుట్మన్, విటరిడ్జ్ 1947లో వివరించారు. పారాలింపిక్స్ మూలపురుషుడిగా గుట్మన్ పేరు క్రీడాచరిత్రలో ప్రసిద్ధం. వార్డులో జరిగిన ఈ పనికి అంత ప్రచారం రాలేదు.

క్రిమిరహితంగా గొట్టం వేసి, మూత్రం తీసి, వెంటనే తొలగించే పద్ధతిని స్టోక్ మాండవిల్‌లో అనుసరించారు. కాని దానిని ఇంట్లో పాటించడం కష్టం. 1972లో అమెరికన్ వైద్యుడు జాక్ లాపిడెస్ శుభ్రత చాలునని, మూత్రాశయం అతిగా ఉబ్బకుండా చూడటమే ముఖ్యమని ప్రతిపాదించాడు. దాంతో చేతులు ఆడేవారు సబ్బుతో కడుక్కుని, ఎవరి సాయమూ లేకుండా, ఇంట్లోనే గొట్టం వేసుకోవడం సాధ్యమైంది.