చెన్నపట్టణపు వాకిళ్లు

కవి గాని, గాయకుడు గాని, ఛాయాగ్రాహకుడు గాని పట్టణముననే పుట్టనక్కర లేదు. తెలుగువారిలో పేరుగన్న కళాకారులలో పెక్కురు చిన్న ఊళ్లలో పుట్టి, అచ్చటనే తొలిపాఠములు నేర్చినవారు. అయినను వారి పేరు పదిమందికి తెలిసినది పట్టణము వలననే. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున, ఆ తరువాత మరి కొన్ని దశాబ్దములును, మనకు ఆ పట్టణము మదరాసు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినను తెలుగు సినిమాయు, తెలుగు రికార్డును చాల కాలము ఆ నగరమును విడువలేదు.

అంత పెద్ద నగరములో ఊరు పేరు లేని యువకుని ఎవరు గుర్తించెడివారు? ఎట్లు గుర్తించెడివారు? మన సినిమా చరిత్రలలో చిత్రముల పట్టికలున్నవి. సాహిత్య చరిత్రలలో గ్రంథముల పట్టికలున్నవి. వాకిలి తెరచి లోనికి పిలిచిన వారి ప్రసక్తి రెండింటను తక్కువ. ఇది న్యాయము కాదని నా అభిప్రాయము.

కాలక్రమమున చూచినచో మొదటి వాకిలి ఫోటో స్టూడియో. మచిలీపట్టణము వాడైన రఘుపతి వెంకయ్య మౌంటురోడ్డులో ఛాయాచిత్రశాల నడుపుచుండెను. 1909 ప్రాంతమున గ్రామఫోను పళ్లెమును, చలనచిత్రమును జతగా నడిపించు క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించుటకై ఆయన ఆ శాలనే కుదువబెట్టెనని చెప్పుదురు. విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనము లిచ్చెను. బర్మా, సింహళములకు సైతము యంత్రమును మోయించుకొని పోయెను. పిమ్మట గెయిటీ అను సినిమా మందిరమును కట్టించెను. కుమారుడు ప్రకాశును ఆ విద్య నేర్చుకొనుటకు విదేశములకు పంపెను. ఆ ప్రకాశే 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీసెను. నిలిచిన బొమ్మ సంపాదించిన ధనము కదలు బొమ్మకు పెట్టుబడి యయ్యెనన్నమాట. ఒక కళ సంపాదనతో వేరొక కళ తలయెత్తుట మదరాసులో ఇది మొదలుకొని తరచుగా కనిపించును.

కవులకు పత్రికయే వాకిలి. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో 'భారతి'ని స్థాపించెను. అమృతాంజనము అమ్మగా వచ్చిన లాభము ఆ పత్రికకు అండగా నిలిచెను. తలనొప్పి మందుకును కవిత్వమునకును ఇంతటి సఖ్యము మరి యే భాషలో కుదిరినదో! 1935లో ముద్దుకృష్ణ క్రొత్త కవుల రచనలను ఏరి 'వైతాళికులు' అను సంకలనము వెలువరించెను. పేరు స్థిరపడని కవులను ఒకచోట చేర్చి, వీరొక తరమువారని లోకమునకు చూపుటలో ఆ చిన్న పుస్తకము చేసిన పని పెద్ద విమర్శ గ్రంథములు చేయలేదు. అయితే పత్రిక కీర్తి నిచ్చెడిదే గాని కూడు పెట్టెడిది కాదు. శ్రీశ్రీ 1930ల నాటి గేతములు 'మహాప్రస్థానము'గా గ్రంథరూపము పొందుట 1950లో. ఆ సంవత్సరముననే ఆయన 'ఆహుతి' అను డబ్బింగు చిత్రమునకు రచన చేసెను. ఈ రెండింటిలో ఇంటిబాడుగ కట్టుటకు ఏది తోడ్పడెనో చెప్పనక్కర లేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి అంతకుముందే రేడియోకు గేయములు, సంగీతరూపకములు వ్రాయుచుండి 1951లో 'మల్లీశ్వరి'తో సినిమా కవి యయ్యెను. అప్పటికి ఆయన వయస్సు ఏబది దాటినది. ఏబదేండ్లు దాటిన వానిని క్రొత్తవాడనవచ్చునా యన్నచో, సినిమా వాకిట ఆయన క్రొత్తవాడే.

గ్రామఫోను కంపెనీల దృష్టి మాత్రము పసివారిపై పడెను. 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు పదునొకండు పండ్రెండేండ్ల వయస్సున రికార్డులకు పాడెను. 1935లో 'శ్రీకృష్ణలీలలు' చిత్రమున కృష్ణుడయ్యెను. రావు బాలసరస్వతీదేవి రికార్డు వెలువడునాటికి ఆమెకు ఆరేండ్లే. పళ్లెమున ఒక ప్రక్కకు పట్టునది మూడు నిమిషములు, కొంచెము ఎక్కువ. రాగము పెంచుటకు తావు లేదు. మొదటి పలుకుననే వినువారి మనస్సు పట్టవలెను. ఈ ఇరుకే లలిత సంగీతమునకు ఒక రూపు దిద్దినదని నేను తలంతును.

1938 జూన్ 16న మదరాసు రేడియో కేంద్రము ప్రారంభమైనది. ఇతర వాకిళ్లకును దీనికిని ఒక భేదము కలదు. ఇచ్చట రూపముతో పని లేదు. గొంతు ఒక్కటే పరీక్ష. 1952 తరువాత ఆడిషను పద్ధతిని కట్టుదిట్టము చేసినపుడు పేరుమోసిన విద్వాంసులను సైతము పరీక్షకు నిలుపుట అవమానమని ఆక్షేపణలు బయలుదేరినవి. ఆ ఆక్షేపణలలో కొంత సబబు లేకపోలేదు. కాని సిఫారసు లేని పిల్లకు ఆ పద్ధతి గొప్ప ఆసరా. విజయనగరమున సంగీతము నేర్చి వచ్చిన పి. సుశీల మదరాసు రేడియోలో పిల్లల కార్యక్రమమున పాడుచుండెను. క్రొత్త గొంతుకై వెదకుచున్న పెండ్యాల నాగేశ్వరరావు రేడియోలో పాడువారిని కొందరిని పిలిపించి, విని, ఆమెను ఎన్నుకొనెను. 'కన్నతల్లి' 1953లో విడుదలయ్యెను. పిమ్మట ఏవీఎం సంస్థ ఆమెను నెలజీతమున నియమించి, తమిళ ఉచ్చారణ నేర్పుటకు అధ్యాపకుని సైతము కుదిర్చెను. గుర్తించుట ఒక దినపు పని. తీర్చిదిద్దుట ఏండ్ల పని. రెండవ దానికి డబ్బు పెట్టువారు ఎప్పుడును అరుదే.

రేడియో విషయమున ఒక విచారము కూడ కలదు. ఆ తొలి సంవత్సరములలో పాటలలో అధికభాగము ప్రత్యక్షముగా ప్రసారమయ్యెడివి. పాడినంతసేపు వినబడి, పిమ్మట గాలిలో కలసిపోయెడివి. ఆ పావుగంటలో వినవలసినవాడు రేడియో ముందు లేనిచో, ఆ గొంతుకు మరల పిలుపు వచ్చుట దైవాధీనము. అట్లు ఒకటి రెండు మారులు పాడి ఊరికి మరలినవారు ఎందరో లెక్క తెలియదు.

ఘంటసాల వేంకటేశ్వరరావు అట్లు మరలిపోకుండుటకు కారణము ఒక్క వాకిలి కాదు. పలు వాకిళ్ల వద్ద పలువురు చేయి యందించుట. చిన్ననాడే తండ్రి గతించెను. సంగీతమునకై విజయనగరము చేరి, మధుకరమెత్తి పొట్ట పోసికొనుచు, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద నేర్చెను. 1942 ఉద్యమమున చెఱసాలకు పోయివచ్చెను. సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహమున మదరాసు చేరినపుడు ఆయనకు నిలువ నీడ లేదు. సముద్రాల ఇల్లు ఇరుకగుటచే, పానగల్ పార్కు కావలివానికి నెలకు రెండు రూపాయలిచ్చి అచ్చటనే తలదాచుకొనెనని చెప్పుదురు. సముద్రాల ఆయనను నాగయ్యకు, బి.ఎన్. రెడ్డికి పరిచయము చేసెను. రేడియోలో పాడు అవకాశము కల్పించెను. గ్రామఫోను కంపెనీలో ఉన్న పేకేటి శివరాం ఆయనచే రికార్డులు పాడించెను. ఈ మెట్లు ఎక్కిన పిమ్మట 1945లో 'స్వర్గసీమ'లో భానుమతితో కలసి పాడెను.

ఆ 'స్వర్గసీమ'కే ఛాయాగ్రహణము చేసిన మార్కస్ బార్ట్లీ సింహళమున పుట్టిన ఆంగ్లో ఇండియను. పత్రికా ఛాయాగ్రాహకుడుగా జీవితమారంభించి, వార్తాచిత్రములు తీసి, మదరాసు చేరెను. తెలుగు రాని ఆ మనుష్యుని కన్ను తరువాత 'పాతాళభైరవి'కి, 1957లో 'మాయాబజార్'కు వెన్నెల కురిపించినది. విజయనగరపు గొంతును, వార్తాపత్రిక కెమెరాను ఒక్క చిత్రమున కూర్చుటకు బి.ఎన్. రెడ్డి వంటి వాని తెగువ కావలసెను. ఇరువురును అప్పటికి ముప్పది దాటనివారు.

ఇక 1964. మదరాసులో ఇంజనీరింగు చదువుచున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ నడిపిన పాటల పోటీలో ప్రథమ బహుమతి గెలిచెను. విన్నవారిలో సంగీతదర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఉండెను. ఇంటిపేరు ఒకటే గాని బంధుత్వము లేదు. గొంతు మరీ లేతగా ఉన్నదని ఇతరులు సందేహించుచుండగా, 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో కోదండపాణి ఆయనచే పాడించెను. పాట విజయా గార్డెన్సులో రికార్డయినది. ఆ కాలమున టేపు ఖరీదైన వస్తువు; పని ముగిసిన పాటను చెరిపి, దానిపై మరొక పాటను ఎక్కించెడివారు. ఈ పాటను చెరపవద్దనియు, థియేటరుకు వచ్చిన సంగీతదర్శకులకు వినిపింపుమనియు కోదండపాణి శబ్దగ్రాహకుడు స్వామినాథన్‌ను కోరెను. తాను కనుగొన్న గొంతును తనకే దాచుకొనక పోటీదారుల చెవిని వేయించుట ఏ వ్యాపారికిని తోచని పని. స్వామినాథన్ ఆ మాట పాటించెను. విన్నవారు ఒకరి తరువాత ఒకరు పిలువసాగిరి. తరువాతి కాలమున బాలసుబ్రహ్మణ్యము మదరాసులో స్వయముగా ఒక రికార్డింగు థియేటరు నెలకొల్పినపుడు దానికి కోదండపాణి పేరు పెట్టెను.