వర్రో చెప్పిన పాతర

రోమన్ల చరిత్ర అంటే మనకు రాజులు, యుద్ధాలే గుర్తొస్తాయి. ఆ సైన్యాలకు అన్నం పెట్టింది మాత్రం సేద్యమే. గోధుమ, ద్రాక్ష, ఆలివ్ వాళ్ళ ముఖ్యమైన పంటలు. వర్రో అనే పండితుడు క్రీ.పూ. 37లో, తనకు ఎనభై ఏళ్ళ వయసులో, సేద్యం మీద మూడు భాగాల పుస్తకం రాశాడు. ఆయన భార్య ఫుండానియా ఒక పొలం కొనింది. దాన్ని ఎట్లా చూసుకోవాలో ఆమెకు చెప్పడానికే మొదటి భాగం రాశాడు.

అందులో ధాన్యం దాచే సంగతి నాకు బాగా నచ్చింది. ఇప్పటి టర్కీలో ఉన్న కప్పదోకియాలోనూ, థ్రేస్‌లోనూ నేలలో గుంతలు తవ్వి గింజలు పోస్తారని రాశాడు. అడుగున గడ్డి పరచాలి, తడి గాని గాలి గాని తగలకూడదు. గాలి చేరని చోట పురుగు పుట్టదంటాడు. ఇట్లా దాస్తే గోధుమలు 50 ఏళ్ళు, వరిగలు నూరేళ్ళకు పైగా నిలుస్తాయట! నూరేళ్ళంటే కొంచెం పెంచి చెప్పినట్టే ఉంది. ఎవరు కూర్చుని లెక్కపెట్టారో?

మన హోసూరు పల్లెల్లో పెద్దవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. దీన్నే పాతర అంటారు. మనవాళ్ళు పోసింది రాగులు. రాగి గింజ చిన్నది, గట్టిది, తొందరగా పురుగు పట్టదు. పైన బండ మూసి మట్టితో మెత్తేవాళ్ళు. వాననే నమ్ముకున్న నేల మనది. 1876-78 కరువు సేలం జిల్లాను బాగా దెబ్బ తీసింది, హోసూరు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ఇట్లాంటి చోట పాతర నిండా రాగులుంటే ఆ ఇంటికి ఎంత ధైర్యమో ఆలోచించండి.

పాతరతో ప్రమాదం కూడా ఉంది. మూసిన గుంతలో గింజలు, పురుగులు ఆక్సిజన్‌ను వాడుకొని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. అది గాలి కన్నా బరువు కాబట్టి అడుగునే నిలిచిపోతుంది. పురుగును చంపేది అదే, మనిషిని చంపేదీ అదే. తెరిచిన వెంటనే దిగవద్దని, అట్లా దిగి ఊపిరాడక చనిపోయినవాళ్ళు ఉన్నారని వర్రో కూడా రాశాడు. మా అవ్వ చిన్నప్పుడు ముందు దీపం దించి చూసేవాళ్ళంట. దీపం ఆరిపోతే ఎవరూ దిగేవాళ్ళు కాదంట.

ఇంత జాగ్రత్త చెప్పిన వర్రో అదే పుస్తకంలో పొలం పనిముట్లను మూడు రకాలుగా విడదీశాడు. బండ్లు మూగ పనిముట్లు, ఎద్దులు సగం మాట వచ్చిన పనిముట్లు, బానిసలు మాట్లాడే పనిముట్లు! ఇది చదివాక ఆ గుంతల్లోకి దిగింది ఎవరై ఉంటారో నాకు అర్థమయింది. మన పక్క ఎవరు దిగేవాళ్ళని అవ్వను అడిగాను. "ఇంకెవరు, జీతగాళ్ళే" అనింది. ఆ రోజు వాళ్ళకు చేటెడు రాగులు ఎక్కువ పోసేవాళ్ళంట.