మెంతికూర: కుండీలో, పిల్లలతో పెంపకం

మెంతి (ట్రైగొనెల్లా ఫీనమ్-గ్రేకమ్) చిక్కుడు కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. పెరడు లేని ఇళ్లలో, బాల్కనీలోనో కిటికీ గట్టు మీదో పిల్లల చేత మొదటిసారి వేయించదగ్గ ఆకుకూరల్లో దీన్నే ముందు చెప్పుకోవాలి. విత్తనం పోపుల పెట్టెలోనే ఉంటుంది, నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, దాదాపు నెలకు కూరకు వస్తుంది. తోటకూరా కుండీలో బాగానే వస్తుంది గాని, దాని గింజ మరీ సన్నం, పసివేళ్లకు చిక్కదు.

'మెంతి' సంస్కృత 'మేథిక' నుంచి వచ్చిందని తరచు రాస్తారు. తమిళ 'వెందయం', కన్నడ 'మెంతె' పక్కన పెట్టి చూస్తే ద్రావిడ మూలమనే వాదనకే కొంత బలం కనిపిస్తుంది. సాగు ఎప్పుడు మొదలైందనే దానిపైనా ఏకాభిప్రాయం లేదు. ఇరాక్‌లోని టెల్ హలాల్‌లో దొరికిన మాడిన గింజలను సుమారు క్రీ.పూ. 4000 నాటివిగా లెక్కగట్టారు. అయితే గింజ దొరికినంత మాత్రాన అక్కడ సాగు చేశారని చెప్పలేం. కసూరి మెంతిని సాధారణంగా వేరే జాతిగా పరిగణిస్తారు. అది నిదానంగా ఎదుగుతుంది కాబట్టి పిల్లల ఓపికకు సరిపడదు.

అడుగున చిల్లులున్న ఏ తొట్టి అయినా చాలు, మట్టి ఐదారు అంగుళాల లోతు ఉంటే బాగు. గింజలను రాత్రి నానబెట్టి, పొద్దున చల్లి, పైన అర అంగుళానికి మించకుండా మట్టి కప్పాలి. తెలుగునాట దసరా నుంచి సంక్రాంతి దాకా మంచి అదను. ఎండాకాలంలో నీడపట్టున వేయాలి. మంచు కురిసే దేశాల్లోని తెలుగువారికి ఈ అదను తారుమారవుతుంది.

పిల్లలు చూడవలసినవి ఈ మొక్కలో చాలా ఉన్నాయి. ముందు రెండు బీజదళాలు విచ్చుకుంటాయి. తర్వాత వచ్చే మొదటి అసలు ఆకు సాధారణంగా ఒంటి ఆకే, మూడేసి రెమ్మల ఆకులు ఆ తర్వాతే వస్తాయి. ఈ తేడాను పెద్దలకన్నా ముందు పిల్లలే పట్టేస్తారు. మొక్కను వేళ్లతో సహా పీకి కడిగితే చిన్న చిన్న బుడిపెలు కనిపించవచ్చు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు వాటిలో ఉంటాయి. చక్కగా పనిచేస్తున్న బుడిపెను చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటుంది. కొబ్బరి పొట్టు కలిపిన కొత్త మిశ్రమంలో ఇవి ఏర్పడకపోవచ్చు. తోట మట్టి ఒక దోసెడు కలిపితే అవకాశం పెరుగుతుంది.

కుండీ మెంతి పాడవడానికి ఎక్కువసార్లు అతినీరే కారణం. పిల్లలు ప్రేమకొద్దీ పూటపూటా పోస్తారు, మొలకలు మొదలు దగ్గర కుళ్లి వాలిపోతాయి. చెంబు బదులు మూతకు చిల్లులు పొడిచిన సీసా ఇచ్చి, మట్టిలో వేలు గుచ్చి తడి ఉందో లేదో చూడటం నేర్పాలి.

మందు పట్టించిన రంగు విత్తనాలు పిల్లల చేతికి ఇవ్వకూడదు. పచ్చి మొలకల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2011లో జర్మనీలో యాభై మందికి పైగా మరణించిన ఈ-కోలై వ్యాధికి మొలకెత్తించిన మెంతులే కారణమై ఉండవచ్చని ఐరోపా పరిశోధకులు తేల్చారు. ఉడికించిన కూరతో ఆ బెడద దాదాపు ఉండదు. చేదుకు మొహం తిప్పే పిల్లలకు పెసరపప్పులో వేసి పెట్టడం మేలు.

కోసేటప్పుడు నాలుగైదు మొక్కలు వదిలేస్తే లేత పసుపు, తెలుపు కలిసిన పూలు పూసి, కొమ్ములా వంగిన కాయలు కాస్తాయి. ఒక్కో కాయలో 10 నుంచి 20 గింజలుంటాయి. ఎండాక పిల్లల చేతే వొలిపించి, మరుసటి చలికాలం విత్తనానికి దాచవచ్చు.