ఇంటికొక పాలసీ ఎందుకు లేదు? సూరత్ రేవు నుంచి నేటి బీమా వరకు

2022 జులై 6న హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఒక ప్రకటన విడుదల చేసింది. మోటారు బీమాలోని సొంత నష్టం విభాగంలో మూడు కొత్త సదుపాయాలను అమ్ముకోవచ్చని కంపెనీలకు అనుమతినిచ్చింది. బండి ఎంత తిరిగితే అంత ప్రీమియం అన్నది మొదటిది. ఎలా నడిపితే అలా ప్రీమియం అన్నది రెండవది. ఒకే యజమానికి చెందిన కార్లను, ద్విచక్ర వాహనాలను ఒకే ‘ఫ్లోటర్’ పాలసీ కిందకు తేవడం మూడవది. పత్రికల వాణిజ్య పేజీలు మొదటి రెంటి మీద ఆసక్తి చూపాయి. మూడవదానిలో ఉన్న ‘ఒకే యజమాని’ అన్న మాట మీద చర్చ పెద్దగా జరగలేదు. భారతీయ కుటుంబం ఏమిటో, ఆస్తి ఎవరి పేరున ఉంటుందో, నష్టం ఎవరిదో అన్న పాత ప్రశ్నలన్నీ ఆ రెండు మాటల్లోనే ఇమిడి ఉన్నాయి. వాటి మూలం వెతకాలంటే తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్‌కు వెళ్లాలి.

ఫ్లోటర్ అన్న పదం రోడ్డు మీద పుట్టలేదు, నీటి మీద పుట్టింది. ఏ సరుకు ఏ ఓడలో వెళుతుందో ముందుగా తెలియని వర్తకుడు మొత్తం వ్యాపారానికి ఒకే బీమా తీసుకుని, ఓడ పేరును తరువాత ప్రకటించే పద్ధతిని సముద్ర బీమా చట్టాలు ఫ్లోటింగ్ పాలసీగా గుర్తించాయి. మన 1963 నాటి సముద్ర బీమా చట్టంలోనూ ఆ ఏర్పాటు ఉంది. పేరు ఇంగ్లీషుదే కావచ్చు, అవసరం మాత్రం సూరత్ వర్తకునికి అంతకు చాలా ముందే తెలుసు. బీమా అన్న మాటకు మూలమైన పారశీక పదానికి అర్థం భయం. మొఘలుల కాలంలో హజ్ యాత్రికులు, పట్టు, నీలిమందు, వెండి అన్నీ సాగిపోయే ఈ రేవులో ఆ భయానికి ధర కట్టడం ఒక వృత్తి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో సూరత్‌లోనూ గిడ్డంగులు తెరిచేనాటికే ఇక్కడి షరాఫులు హుండీల మీద దూర ప్రాంతాలకు డబ్బు నడిపిస్తున్నారు.

ఆ హుండీలలో ‘జోఖ్మీ హుండీ’ ఒకటి. తెలుగువారికి హుండీ అనగానే గుడిలోని కానుకల పెట్టె గుర్తుకు వస్తుంది కానీ, ఇది చెల్లింపు పత్రం. మామూలు హుండీ ఎలాగైనా చెల్లించాల్సిందే. జోఖ్మీ హుండీని మాత్రం సరుకు క్షేమంగా గమ్యం చేరితేనే చెల్లించాలి. ఓడ మునిగితే పత్రం కొన్నవాని డబ్బూ మునిగినట్లే. అప్పు, బీమా రెండూ ఒకే కాగితంలో ఉండేవి. ఆ కాగితం ఓడ యజమాని ఒక్కడేనా, అన్నదమ్ములా, ఉమ్మడి కుటుంబమా అని అడగలేదు. సరుకు ఏది, ప్రయాణం ఏది, జోఖం ఎంత అన్నవే అడిగింది. మరొక జాగ్రత్త కూడా అప్పటి వర్తకులు పాటించారు. సంపదనంతా ఒకే ఓడలో ఎక్కించకుండా పలు ఓడలకు పంచేవారు.

నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్నను ఇదే రేవు మరో రూపంలోనూ ఎదుర్కొంది. డజనుకు పైగా ఓడలున్న వర్తకుడు ముల్లా అబ్దుల్ గఫూర్‌కు చెందిన ఫతే ముహమ్మదీని, ఆ వెంటనే ఔరంగజేబు ఓడ గంజ్-ఎ-సవాయీని 1695 సెప్టెంబరులో ఆంగ్ల సముద్రపు దొంగ హెన్రీ ఎవ్రీ దోచుకున్నాడు. సూరత్‌లో ఆగ్రహం పెల్లుబికింది. కంపెనీ అధ్యక్షుడు శామ్యూల్ ఆన్స్‌లీతో సహా ఆంగ్లేయులను మొఘల్ అధికారులు నిర్బంధించారు. దోచింది కంపెనీ కాదు, అయినా నష్టపరిహారం భారం కంపెనీ మీద పడింది. హాని చేసినవాడు దొరకకపోయినా హాని పొందినవాడికి పరిహారం అందాలన్న పట్టుదలకు అది మొరటు రూపం. రెండున్నర శతాబ్దాల తరువాత అదే సూత్రం చట్టబద్ధంగా రోడ్డు మీదికి వచ్చింది.

1939 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. అయితే ఆ అధ్యాయం అమలులోకి వచ్చింది 1946 జులై 1న. అంటే ఇప్పుడు మనకు విసుగు కలిగించే ఈ కాగితం స్వతంత్ర భారతం కంటే ఏడాది పెద్దది. దాని ఉద్దేశం యజమానిని కాపాడటం కాదు, దారినపోయే మనిషిని కాపాడటం. లైసెన్సు లేని క్లీనర్ చేతిలో లారీని వదిలి వెళ్లిన సందర్భంలో జరిగిన ప్రమాదంపై గుజరాత్ నుంచి వచ్చిన కేసులో 1987లో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చి చెప్పింది. శాసనకర్తలు బీమాను నిర్బంధం చేసింది బీమా వ్యాపారం పెరగడానికి కాదు, బాధితునికి రక్షణగా అని స్పష్టం చేసి, పరిహారం కంపెనీయే చెల్లించాలని తీర్పునిచ్చింది. ఈ ఉద్దేశం కారణంగానే మన చట్టంలో బీమా మనిషిని కాక వాహనాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. 1988 చట్టం ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ కూడా దానితో పాటే కొత్త యజమానికి బదిలీ అవుతుంది. ప్రతి బండికీ విడి పాలసీ అన్న అలవాటుకు పునాది ఇక్కడ పడింది.

ఆ అలవాటును స్థిరపరచినవి రాజకీయ నిర్ణయాలు. ఇందిరాగాంధీ ప్రభుత్వం 1971 మే నెలలో ఆర్డినెన్సు ద్వారా సాధారణ బీమా కంపెనీల నిర్వహణను తన చేతుల్లోకి తీసుకుంది. 1973 జనవరి 1 నుంచి 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కుదించబడ్డాయి. రేట్లు, షరతులు అన్నీ టారిఫ్ పుస్తకం ప్రకారమే. అందులో సమానత ఉంది, వెసులుబాటు లేదు. మల్హోత్రా సంఘం సిఫార్సులు, 1999 నాటి చట్టం, 2000లో ప్రైవేటు కంపెనీల ప్రవేశం తరువాత కూడా టారిఫ్ 2006 చివరి వరకు కొనసాగింది. 2007 జనవరి నుంచి సొంత నష్టం విభాగంలో ధర నిర్ణయించే స్వేచ్ఛ కంపెనీలకు దక్కింది. థర్డ్ పార్టీ ధర మాత్రం ఇప్పటికీ ప్రభుత్వం చేతిలోనే ఉంది. పోటీ వచ్చింది కానీ, ఒక ఇంటిని ఒక కొనుగోలుదారుగా చూడటం రాలేదు.

ఆ దిశగా మొదటి కదలిక ఒక విచిత్రమైన సమస్య నుంచి పుట్టింది. మద్రాసు హైకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2018 సెప్టెంబరులో యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమాను 15 లక్షల రూపాయలకు పెంచి, ఏడాదికి 750 రూపాయల ప్రీమియం నిర్ణయించారు. ప్రతి పాలసీతో పాటు దీనిని కట్టించుకుంటే మూడు బండ్లున్న మనిషి 2,250 రూపాయలు చెల్లించాలి. మనిషి ఒక్కడే, ప్రాణం ఒక్కటే. ఫిర్యాదులు వెల్లువెత్తాక, 2019 జనవరి నుంచి ఈ రక్షణను విడి పాలసీగా తీసుకోవచ్చనీ, ఒక వ్యక్తికి ఉన్న వాహనాలన్నింటికీ అది ఒక్కటే చాలుననీ నియంత్రణ సంస్థ అంగీకరించింది. ఆ తర్కానికి కొనసాగింపే 2022 నాటి ఫ్లోటర్. అయితే రెండింటికీ హద్దు ఒకటే: ఒకే వ్యక్తి.

ఈ హద్దు నేటి సూరత్‌లో ఏమి చేస్తుందో చూడాలి. మరమగ్గాలు, వజ్రాల సానలు నడిపే ఈ నగరంలో లక్షల మంది వలస కార్మికులు బతుకుతున్నారు. అందులో కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరలివచ్చిన పద్మశాలీలు కూడా పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. లింబాయత్, ఉధ్నా వైపు వారి వాడలున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. బీఆర్‌టీఎస్ బస్సులు 2014లో గానీ రాలేదు, మెట్రోకు 2021లో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి నగరంలో పనికి పోవాలంటే సొంత బండి తప్పదు. తండ్రి పేరున ఒక స్కూటరు, కొడుకు పేరున ఒక మోటారు సైకిలు, నాలుగు డబ్బులు మిగిలిన ఇంట్లో భార్య పేరునో పెద్ద కొడుకు పేరునో ఒక చిన్న కారు ఉంటాయి. వంట ఒకటే, సంపాదన కలిపి ఖర్చు చేసేది ఒకచోటే. ఫ్లోటర్ దృష్టిలో మాత్రం వారు ముగ్గురు అపరిచితులు. నాలుగు కార్లు తన ఒక్కడి పేరున రిజిస్టరు చేయించుకున్న సంపన్నుడు మాత్రం దానికి అర్హుడు.

లెక్క కూడా చూడాలి. 2022 జూన్ 1 నుంచి అమలైన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం వెయ్యి నుంచి 1,500 సీసీ మధ్య కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, 75 నుంచి 150 సీసీ మధ్య ద్విచక్ర వాహనానికి 714 రూపాయలు. ఒక కారు, రెండు బండ్లున్న ఇంటికి పన్ను కలపకుండా 4,844 రూపాయలు. ఇది ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం కనుక పాలసీలు కలిపినా ఒక్క రూపాయి తగ్గదు. తగ్గే అవకాశమున్నది సొంత నష్టం భాగంలోనే. పాత ద్విచక్ర వాహనాలకు చాలా మంది ఆ భాగాన్ని అసలు తీసుకోరు. కాబట్టి ఏక పాలసీ అంటే సగం ధర అని ఆశపడటం పొరపాటు. దాని అసలు ప్రయోజనం వేరే ఉంది. గడువు తేదీలు మూడు కాకుండా ఒకటే అవుతాయి. ఏదో ఒక బండి బీమా మరచిపోయి ముగిసిపోయే ప్రమాదం తగ్గుతుంది.

ఆ మరపు చిన్న విషయం కాదు. దేశంలోని వాహనాలలో సగానికి పైగా బీమా లేకుండా తిరుగుతున్నాయని 2024 ఫిబ్రవరిలో పార్లమెంటరీ ఆర్థిక స్థాయీ సంఘం నివేదిక ఆందోళన వెలిబుచ్చింది. తొలిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు అన్న నిబంధన ఉంది. కానీ జరిమానా ప్రభుత్వానికి చేరుతుంది, బాధితునికి కాదు. బీమా లేని బండి ఒక కూలీని గుద్దితే పరిహారం తీర్పు కాగితం మీదే మిగులుతుంది. బండి నడిపినవాడు కూడా కూలీయే అయితే అతని ఇల్లూ కూలుతుంది.

అయితే కలపడంలో ఒక చిక్కు ఉంది. దానిని కూడా సూరతే నేర్పింది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తపతి పొంగి నగరంలో అత్యధిక భాగాన్ని ముంచెత్తింది. వరద నష్టం సొంత నష్టం విభాగంలోకి వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి దాని నుంచి పైసా రాదు. ఒకే వాకిట్లో, ఒకే సెల్లారులో నిలిపిన బండ్లన్నీ ఒకే రాత్రి మునుగుతాయి. ఆరోగ్య బీమాలోలా పాలసీకి ఉమ్మడి పరిమితి పెడితే, ఇంటిల్లిపాదీ ఒకేసారి జబ్బు పడినప్పటి పరిస్థితే వస్తుంది. పాత వర్తకుడు సరుకును పలు ఓడలకు పంచింది ఈ భయంతోనే. కనుక పాలసీలు కలిపేటప్పుడు ప్రతి బండి విలువా విడిగా నిలుస్తుందా, ఒక బండి క్లెయిము మిగతా వాటి నో క్లెయిమ్ బోనస్‌ను తినివేస్తుందా అన్నవి కొనేవారు తప్పక అడగవలసిన ప్రశ్నలు.

కుటుంబాన్ని గుర్తించకపోవడానికి బీమా రంగం చెప్పే కారణంలో న్యాయం లేకపోలేదు. ఆస్తిపై హక్కు ఉన్నవారికే బీమా చేయించే అర్హత ఉంటుంది. కొడుకు బండి పోతే చట్టం దృష్టిలో తండ్రికి నష్టం లేదు. బాధ్యత కూడా రిజిస్టరైన యజమానిదే. కానీ ఇదే రాజ్యం హిందూ అవిభక్త కుటుంబాన్ని ఆదాయపు పన్ను కోసం ఒక వ్యక్తిగా లెక్కిస్తుంది. రేషన్ కార్డు కుటుంబానికి ఇస్తుంది. ఆరోగ్య బీమాలో కుటుంబ ఫ్లోటర్‌ను దశాబ్దాలుగా అనుమతిస్తోంది. అమెరికా, బ్రిటన్‌లలో ఒకే చిరునామాలో ఉండేవారి కార్లను ఒకే పాలసీలో చేర్చడం మామూలు విషయం. అక్కడా యాజమాన్య చట్టం ఉంది, దానివల్ల పాలసీ ఆగలేదు.

చేయవలసింది పెద్ద సంస్కరణ కూడా కాదు. ‘ఒకే యజమాని’ స్థానంలో ఒకే ఇంట్లో నివసించే కుటుంబ సభ్యులు అని చేర్చి, ప్రతి బండికీ దాని యజమాని పేరు, విలువ, బోనస్ విడిగా నమోదు చేస్తే సరిపోతుంది. థర్డ్ పార్టీ రక్షణ చట్టం కోరినట్లే బండి బండికీ నిలుస్తుంది. చెల్లింపు తేదీ మాత్రం ఇంటికి ఒకటవుతుంది. దీనివల్ల కంపెనీలకు వచ్చే అదనపు లాభం కొద్దిపాటిదే కావచ్చు, అందుకే వాటి నుంచి ఒత్తిడి రాదు. రోడ్డు మీద బీమా లేని బండ్ల సంఖ్య తగ్గించడం ప్రభుత్వ బాధ్యత గనుక చొరవ కూడా అక్కడి నుంచే రావాలి. నియంత్రణ సంస్థ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. సూరత్‌లోని మగ్గం కార్మికుల స్వస్థలాలు కూడా అక్కడికి కొన్ని గంటల దూరంలోనే ఉన్నాయి. వారి ఇళ్లు ఎలా నడుస్తాయో తెలుసుకోవడానికి ఆ కార్యాలయానికి కొత్త సంఘమేదీ అక్కరలేదు.