ఉపగ్రహ పాఠం నుండి క్యూఆర్ కోడ్ దాకా: ఉపాధ్యాయ శిక్షణలో సాంకేతికత

ఉపాధ్యాయ శిక్షణలో సాంకేతికత చరిత్రను కంప్యూటర్‌తో మొదలుపెట్టడం పరిపాటి. తెలుగు ప్రాంతానికి సంబంధించినంతవరకు అంతకు ముందే ఒక ముఖ్యమైన ఘట్టం ఉంది. అది 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఇస్రో, అమెరికా సంస్థ నాసా సహకారంతో నిర్వహించిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం (సైట్). ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు నేరుగా చేరాయి. ఉదయం బడివేళ ఒక్కొక్క భాషకు దక్కిన సమయం ఇరవై రెండున్నర నిమిషాలు.

పిల్లల కార్యక్రమాలకే ఎక్కువ పేరు వచ్చింది. అయితే, సెలవుల్లో ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో ఇచ్చిన 12 రోజుల శిక్షణ అంతకంటె విలువైనదని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ టెలివిజన్ శిక్షణలో ఒక భాగం మాత్రమే. దానికి రేడియో పాఠాలు, చర్చలు, చేసి చూడవలసిన కృత్యాలు తోడయ్యాయి. తెరను ప్రశ్న అడగడానికి వీలులేదు. ఆ కొరతను తీర్చవలసినది తెర ముందు జరిగే చర్చే. ఏడాది గడువు ముగియగానే నాసా ఉపగ్రహాన్ని వెనక్కు మళ్లించింది. పరికరం అరువుది కావడంతో అనుభవం కూడా అక్కడితో నిలిచిపోయింది.

తరువాతి దశాబ్దాలను ఇక్కడ విస్తరించను. 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది, సమాచార సాంకేతికత పాఠ్యాంశంగా చేరింది. 2017లో దీక్షా వేదిక వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వెలిశాయి.

మరి ఛాత్రోపాధ్యాయుని తరగతిలో మారినదేమిటి? పాఠ్యపథకంలో 'బోధనోపకరణాలు' అనే గడి పాతదే. ఒకప్పుడు అందులో చార్టు, ఫ్లాష్‌కార్డులు, రోలప్ బోర్డు అని రాసేవారు. ఇప్పుడు ప్రొజెక్టర్, వీడియో అని రాస్తున్నారు. పర్యవేక్షకుడు వచ్చే రోజున ఆ గడి తప్పక నిండుతుంది. ప్రొజెక్టర్ లేని బడిలో ఛాత్రోపాధ్యాయుడు తన సొంత ఫోనునే పైకెత్తి చూపుతాడు. వెనుక వరుసలో కూర్చున్న పిల్లలకు అది వెలుగుతున్న పలక మాత్రమే. (ఊరికొక టీవీ పెట్టినప్పుడు కూడా దూరంగా కూర్చున్నవారి పరిస్థితి ఇంతే అయి ఉండాలి.)

అయితే, గమనించవలసిన గడి దాని పక్కన మరొకటి ఉంది: 'విద్యార్థి కృత్యం'. సైట్ శిక్షణలో తెర ఆగిన తరువాత ఉపాధ్యాయుల చేతికి పని ఉండేది. నేటి పాఠ్యపథకాల్లో వీడియో ఎదురుగా ఆ గడిలో తరచుగా కనిపించే వాక్యం ఒక్కటే: విద్యార్థులు శ్రద్ధగా గమనిస్తారు.