కందెన కథ
ఎడ్లబండి ఇరుసునకు మన పెద్దలు పూసిన కందెనలో ఆముదమును మసియు నుండెడివి. ఆ ఆముదమే మోటారునకును ప్రాకినది: 1909లో ఆంగ్లదేశపు వేక్‌ఫీల్డు కంపెనీ ఆముదము కలిపిన నూనెకు "క్యాస్ట్రాల్" అని, ఆముదపు టాంగ్లనామమునుండియే పేరిడెను.

కాని నూనె చలికి చిక్కబడును, వేడికి పలుచబడును. 1911లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘము చిక్కదనమునకు ప్రమాణము లేర్పరుప నారంభించెను. నేటి డబ్బాపై "20డబ్ల్యు-50" అనుచో, డబ్ల్యు శీతకాలమునకు గుర్తు. మొదటి యంకె చలికి, రెండవది 100 డిగ్రీల వేడికి. హబ్సిగూడలో నీరు గడ్డకట్టు చలి యెన్నడు? వేసవి మాత్రము 40 డిగ్రీలు దాటును. ఇచ్చట రెండవ యంకెయే ముఖ్యమని నా మతము. అయినను చిక్కనిదెల్ల మేలనుకొని, పలుచని నూనెకు నిర్మించిన క్రొత్త యంత్రమున దానిని పోయుట తగదు. అందుకు బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము.