ఇరవై కిలోలు తగ్గినా సిక్స్ ప్యాక్ ఎందుకు కనబడదు?

బరువు తగ్గింది, ప్యాంటు నడుము దగ్గర వదులైంది, చుట్టాలు కూడా గుర్తుపట్టి అడుగుతున్నారు. కానీ షర్టు తీసి అద్దం ముందు నిలబడితే పొట్ట మీద గీతలు లేవు. కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియంలో ఫజర్ తర్వాత నడిచే యువకులైనా, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో పరుగెత్తేవాళ్లైనా చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇంకో వంద క్రంచెస్ కొడితే వస్తుందిలే అనుకుంటారు. రాదు.

పొట్ట మీది ఆ గడులు జిమ్‌లో కొత్తగా పుట్టేవి కావు. పక్కటెముకల నుంచి కటి ఎముక దాకా నిలువుగా దిగే ఒక కండరం ప్రతి మనిషికీ ఉంటుంది. దాని మీద అడ్డంగా కొన్ని గట్టి పట్టీలు, మధ్యలో నిలువుగా ఒక గీత ఉంటాయి. సిక్స్ ప్యాక్ అంటే ఇంతే. ఆ పట్టీలు ఎన్ని, సమానంగా ఉన్నాయా లేదా అన్నది పుట్టుకతో వచ్చేది. కొందరికి నాలుగు గడులే కనబడతాయి, కొందరికి ఎనిమిది. దాన్ని ఏ ట్రైనరూ మార్చలేడు.

కనబడకపోవడానికి మొదటి కారణం చర్మం కింద మిగిలిన కొవ్వు పొర. మగవాళ్లకు కొవ్వు ముందు పొట్టకే చేరుతుంది, పోయేటప్పుడు అక్కడి నుంచే చివరికి పోతుంది. మామూలుగా మగవాళ్ల ఒంట్లో కొవ్వు 10 నుంచి 14 శాతానికి దిగితేనే గీతలు తేలతాయి. ఆడవాళ్లకు ఇది ఇంకాస్త ఎక్కువ దగ్గరే జరుగుతుంది. 2011లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో 24 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు పొట్ట వ్యాయామాలు చేయించారు. వాళ్ల కండరం ఓర్పు పెరిగింది, పొట్ట కొవ్వు మాత్రం తగ్గలేదు. ఒంట్లో ఒక్క చోట కొవ్వు మాత్రమే కరిగించే వ్యాయామం లేదు.

రెండో కారణం ఎక్కువమందికి తెలియదు. అన్నం మానేసి, టీ బిస్కెట్ల మీద బతికి వేగంగా తగ్గినవాళ్లకు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. వ్యాయామం లేకుండా తగ్గితే, తగ్గిన బరువులో నాలుగో వంతు దాకా కండే ఉండొచ్చు. అప్పుడు మనిషి సన్నబడతాడు గానీ పొట్ట మెత్తగానే ఉంటుంది. ఇలాంటివాళ్లు ఇంకా తిండి తగ్గిస్తే ఉన్న కండ కూడా పోతుంది.

కాబట్టి చేయాల్సింది వేరే. వారానికి మూడు రోజులైనా బరువులతో కసరత్తు చేయాలి: బస్కీలు, దండాలు, నేల మీంచి బరువు ఎత్తడం. పొట్ట కండరం కూడా కండరమే కాబట్టి దానికీ మెల్లమెల్లగా భారం పెంచుతూ వారానికి రెండు మూడు సార్లు పని ఇస్తే చాలు, రోజూ అక్కర్లేదు. బరువు వారానికి అర కిలో కంటే వేగంగా తగ్గకపోవడం మంచిది. ఇక ప్రోటీన్. భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్కన మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. బరువు తగ్గుతూ కసరత్తు చేసేవాళ్లు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా తీసుకుంటారు. 70 కిలోల మనిషికి 84 నుంచి 112 గ్రాములన్నమాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా పెంచొద్దు.

దీనికి వేల రూపాయల డబ్బా కొనాల్సిన పని లేదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 50 గ్రాముల దాకా ఉంటుంది. ఆదిలాబాద్ రైతులు పండించే సోయాతోనే ఆ మీల్ మేకర్ తయారయ్యేది. మన ఇళ్లల్లో మాంసానికి కొదవ లేదు, ఇబ్బంది దాని చుట్టూ ఉన్నదానితో. దావత్‌లో బగారా అన్నం రెండోసారి వడ్డించుకుని, దాల్చాలో రెండు ముక్కలు తీసుకుంటే కడుపు నిండేది అన్నంతోనే. ముక్కలు ఎక్కువ, అన్నం తక్కువ చేసుకోవాలి. రాత్రికి జొన్న రొట్టె తినే అలవాటు ఉన్న ఇళ్లు దాన్ని వదులుకోవద్దు.

రంజాన్‌లో ఇదంతా ఆపేయాల్సిన అవసరం లేదు. సహెరీలో గుడ్లు, పెరుగు, పప్పు ఉంటే పగలు కండ అంతగా కరగదు. బరువుల కసరత్తు ఇఫ్తార్ అయ్యాక గానీ తరావీహ్ తర్వాత గానీ పెట్టుకోవచ్చు. నెల బరువు పెంచేది ఉపవాసం కాదు, ఇఫ్తార్ సమోసాలు, శర్బత్‌లు, రోజూ హలీం.

అసలు భయపడాల్సింది తొందరపాటుకు. 2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్, అదే ఏడాది 'ఓం శాంతి ఓం'లో షారుక్ ఖాన్ కనబడ్డాక ఆ ఒళ్లు ప్రతి కుర్రాడికీ కొలత అయిపోయింది. సినిమా వాళ్లకు వంటమనిషి, ట్రైనర్, లైటింగ్ ఉంటాయి. షూటింగ్ రోజు కోసం నీళ్లు తగ్గించుకునే నటులూ ఉన్నారు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఆదిలాబాద్‌లో పెళ్లి ఫొటో కోసం అదే పని చేస్తే ఆస్పత్రిలో తేలాల్సి వస్తుంది. జిమ్‌లకు వెళ్లే యువకులకు మెఫెన్‌టర్మైన్ ఇంజెక్షన్లు అమ్ముతున్నవాళ్లను హైదరాబాద్‌లో అధికారులు పట్టుకున్న కేసులున్నాయి. అది ఆపరేషన్ సమయంలో పడిపోయిన బీపీ పెంచడానికి వాడే మందు. గుండె లయ తప్పిస్తుంది. స్టెరాయిడ్లయితే లివర్‌ను, గుండెను దెబ్బతీస్తాయి, సంతానం కలగకుండా కూడా చేయొచ్చు. కొడుకు గదిలో సిరంజీలు కనబడితే అమ్మీ అబ్బా కోప్పడే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

కాన్పుల తర్వాత బరువు తగ్గిన ఆడవాళ్లకు పొట్ట ముందుకే ఉంటే అది కొవ్వు కాకపోవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు మధ్య గీత దగ్గర కండరాలు విడిపోయి, కొందరిలో మళ్లీ దగ్గరకు రావు. వీళ్లు క్రంచెస్ మొదలుపెట్టే ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. అలాగే ముప్పై, నలభై కిలోలు తగ్గినవాళ్లకు మిగిలే వేలాడే చర్మం ఏ క్రీముతోనూ బిగుసుకోదు. బరువు చాలా నెలలు నిలకడగా ఉన్నాక ప్లాస్టిక్ సర్జన్‌ను అడగడమే దారి.

గీతలు కనబడకపోయినా చూసుకోవాల్సింది నడుము కొలత. షుగర్, గుండె జబ్బులతో ముడిపడింది లోపల పేగుల చుట్టూ ఉండే కొవ్వు, అది అద్దంలో కనబడదు. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదం కింద లెక్క. టేపు బొడ్డు కింద ప్యాంటు కట్టే చోట కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక పెట్టాలి. పొట్ట లోపలికి పీల్చుకుని కొలవొద్దు.